రెట్టింపు స్టేషన్

జూన్ 3, మంగళవారం

ముందు గదిలో బల్ల మీద ఈయన పాత కర్టెన్ కప్పేశారు. రైళ్ళు, పట్టాలు, అట్టతో చేసిన ఇళ్ళు, అన్నీ పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. ఏ పెట్టెలో ఏముందో పైన రాసిపెట్టొచ్చు కదా అన్నాను. "రాస్తే చదివేదెవరు?" అన్నారు.

ఒకందుకు మంచిదే. ముందు గది ఖాళీ అయితే రెండో కుట్టుమెషిన్ అక్కడ వేసుకోవచ్చు. స్కూలు యూనిఫారాలు కుప్పలు పడి ఉన్నాయి, షాపులో కాలు పెట్టే చోటు లేదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ గది రైళ్ళదే. ఈయనేమో బస్సు డిపోలో టైమ్‌కీపరు. పగలంతా బస్సులతో కాపురం, ఇంటికొస్తే రైళ్ళతో సరసం. మధ్యలో నేనొకదాన్ని.

గుడ్డల హోల్‌సేల్ వాళ్ళిచ్చిన ఈ డైరీలో ఇప్పటిదాకా జనాల నడుములూ భుజాలూ రాశాను. ఇకమీదట నా గోడు కూడా కాస్త రాసుకుంటాను. మధ్యాహ్నం కాజాలూ బొత్తాలూ కుట్టేశాక మా కాజాలావిడ భోంచేసి కునుకు తీస్తుంది. ఆ కాసేపు షాపు నాది.

జూన్ 5, గురువారం

కళ్ళ డాక్టరమ్మ చెప్పింది రాసుకుంటాను, రాస్తేనైనా బుర్రకెక్కుతుందేమో. కుడికన్ను ఎప్పుడో మధ్యలో మసకబారిపోయింది. ఇంకోటి ఉందిగా అని ఈయన పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ ఇంకోటి కూడా మొదలుపెట్టింది. లోపలి పొర కింద నీరు ఊరుతోందట. సూటిగా చూసినచోట మసక, చుట్టుపక్కల మామూలే. నెలకొక ఇంజెక్షన్, అది కంట్లోనే. మూడు అయ్యాక నీరు ఆరితే ఉన్న చూపు నిలుస్తుంది. ఆరకపోతే అదీ పోతుంది.

మార్చి నుంచీ ఈయన పట్టాలతో పోట్లాడుతూనే ఉన్నారు. పట్టా వంకరపోయిందని పీకడం, మళ్ళీ వేయడం, మళ్ళీ వంకరని పీకడం. పట్టాలు తయారుచేసినవాణ్ణి తిట్టారు, బల్ల చేసిన వడ్రంగిని తిట్టారు, తుడిచేటప్పుడు కదిపావని నన్ను తిట్టారు. నేనూ ఊరుకోలేదు, నాలుగు తగిలించాను. తీరా చూస్తే పట్టా తిన్నగానే ఉంది. కన్ను వంకర చూపిస్తోంది, అంతే.

"నా పట్టాలు బాగానే ఉన్నాయన్నమాట," అన్నారు ఆటోలో. 

జూన్ 6

నాకేమీ భయం లేదు.

జూన్ 9, సోమవారం

వదిన వచ్చింది. ఈయనకి అక్క, నాకు పరీక్ష. వచ్చీ రాగానే తమ్ముణ్ణి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, వెంటనే తుడుచుకుని, ఇంట్లో ఏవేవి అమ్మేయాలో చెప్పడం మొదలుపెట్టింది. ముందు ఆ రైలు బొమ్మలు తీసేయండి, కళ్ళు పోయింది వాటివల్లే అంది. వాటివల్ల కాదు వదినా, వయసువల్ల అన్నాను. బొమ్మలు కావు, నమూనాలు అని ఈయన సరిదిద్దుతారని చూశాను. అనలేదు. ఎవరు బొమ్మలన్నా ఒంటికాలి మీద లేచే మనిషి, తల వంచుకుని కూర్చున్నారు.

నేను టీ పెట్టడానికి లేచాను.

ఈయన టీ పోసుకుంటూ కప్పు పక్కన పోశారు. గుడ్డతో గబగబా తుడిచేశారు. నేను చూడనట్టు అటు తిరిగాను, నేను చూడలేదని నమ్మినట్టు ఆయన నటించారు. ఇద్దరం మంచి నటులం.

జూన్ 12, గురువారం

మొదటి ఇంజెక్షన్. రాయను.

జూన్ 15, ఆదివారం

గార్డుగారు వచ్చారు. రైల్లో గార్డు పని చేసి రిటైరైన మనిషి, ఈయనకి రైళ్ళ జట్టు. ఇద్దరూ కలిస్తే మూడో మనిషికి మాట్లాడే సందు దొరకదు. ఇవాళ ఆయనొక్కరే మాట్లాడారు. మాట్లాడి మాట్లాడి అలసిపోయి, సంచీలోంచి ఒక పెట్టె తీసి ఈయన ఒళ్ళో పెట్టారు.

లోపల ఇంజను, రెండు రైలు పెట్టెలు, వాటితోపాటు ఒక సూట్‌కేసు పట్టుకున్న చిన్న మనిషి. ఇది పెద్ద సైజట. ఈయన రైళ్ళకి అన్ని వైపులా రెట్టింపు. నా కంట్లో శుక్లం ఆపరేషనుకి ముందు నేను వీటితోనే నెట్టుకొచ్చాను, నాకిప్పుడు అక్కర్లేదు, నువ్వు వాడుకో అన్నారు గార్డుగారు.

ఈయన ఇంజను చేతిలోకి తీసుకున్నారు. చక్రాలు తడిమారు, పొగగొట్టం తడిమారు. కాస్త పక్కకి తిరిగి, ఓరకంట చూశారు. వారంలో మొదటిసారి ఆ మొహంలోకి ఏదో వచ్చింది. తర్వాత లేచి ఒక పెట్టె వెతికి, తన పాత అట్ట స్టేషన్ తీసి ఇంజను పక్కన పెట్టారు. స్టేషన్ పైకప్పు ఇంజను కిటికీ దాకా వచ్చింది.

"రైలుంది. దీనికి ఊరేదీ?" అన్నారు.

ఇంజనుని మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. సూట్‌కేసాయన మాత్రం కిటికీ గట్టు మీద ఉండిపోయాడు. ఎవరూ లోపల పెట్టలేదు. పాపం, ఎక్కడికో వెళ్దామని బయల్దేరి మా ఇంట్లో ఇరుక్కున్నాడు.

జూన్ 18, బుధవారం

పెద్ద సైజు ఇళ్ళు ఎక్కడ దొరుకుతాయో అడిగాను. ఊరికే అడిగాను. నాకేం పట్టింది?

రైలు సామాన్లమ్మే షాపతను, ఆ సైజులో ఇంజన్లు తెప్పిస్తాం గానీ ఇళ్ళు రావమ్మా అన్నాడు. బొమ్మల షాపులో అమ్మాయి బొమ్మల పెళ్ళికూతురు ఇల్లు చూపించింది, గులాబీరంగు. స్టేషన్‌మాస్టరు అందులో కూర్చుంటే ఉద్యోగం ఊడుతుంది. ఫోన్లో వెతికాను. అచ్చువేసిన అట్ట సెట్లు బోలెడున్నాయి, స్టేషన్లు, గిడ్డంగులు, సిగ్నల్ గదులు, దుకాణాల వరసలు. కత్తిరించి, మడిచి, అంటించుకుంటే ఇల్లవుతుంది. అన్నీ చిన్న సైజే. ఒక మహానుభావుడు తన సెట్లన్నీ ఊరికే దింపుకోమని పెట్టాడు. అవీ చిన్నవే. కింద ఎవరో రాశారు, పెద్దది కావాలంటే పెంచుకోండి, అందరూ అదే చేస్తారు అని.

పెంచుకోవడమా! రోజూ నేను చేసే పని ఇంకేమిటి? ఎనిమిదేళ్ళ పిల్లాడి చొక్కా నమూనా మీంచి పద్నాలుగేళ్ళవాడి చొక్కా తీస్తాను. సైజు పెంచడం నాకు ఒకరు నేర్పాలా?

జూన్ 24, మంగళవారం

అటక మీద పాత సూట్‌కేసులో ఈయన దాచుకున్న స్టేషన్ సెట్ దొరికింది. కత్తెర పడలేదు. రెండంతస్తులు, కింద టిక్కెట్ల గది, పైన స్టేషన్‌మాస్టరు కాపురం. ఎర్ర ఇటుకలు, ఆకుపచ్చ కిటికీలు. ఎందుకు కత్తిరించకుండా ఉంచారో నాకు తెలుసు. అంత బాగున్నవాటిని నేనూ కత్తిరించలేను. నా దగ్గర అలాంటి పట్టుగుడ్డ ఒకటుంది, దానిమీద కత్తెర పెట్టబుద్ధి కాలేదు.

షాపుకి తెచ్చేశాను. ఈయనకి చెప్పలేదు. ఇది ఆయన కోసమని కాదు. ముందు గదిలో బల్లయినా వాడకంలో ఉంటుంది, లేకపోతే బల్లయినా తీసేయొచ్చు. రెండో మెషిన్ సంగతి తర్వాత చూద్దాం.

జూలై 1, మంగళవారం

నమూనా కాగితం మీద గోడలన్నీ దింపాను. చొక్కా పెంచినట్టే పెంచాను. అంచుల్లో పెంచుకుంటూ పోవాలి, భుజానికి ఇంత, పక్కలకి ఇంత, పొడవుకి ఇంత. అంటించుకోవడానికి కుట్టు మార్జిను కూడా వదిలాను. కాజాలావిడ వచ్చి చూసి, ఈ గౌను ఎవరికి అంది. స్టేషన్‌మాస్టరుకి అన్నాను. నాకేదో అయిందనుకుని ఉంటుంది.

రంగు పెన్సిళ్ళతో ఇటుకలు వేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కానీ గోడలు నిలబడ్డాయి. కొలిస్తే సరిగ్గా రెట్టింపు, వెంట్రుకవాసి తేడా లేదు. నా మీద నాకే గర్వమేసింది.

జూలై 5, శనివారం

స్టేషన్ తీసుకెళ్ళి ఈయన ముందు పెట్టాను. 

ఆయన ముందు కప్పు తడిమారు, తర్వాత గోడ. ఎంత పెద్దదో చేతులతో చూసుకుని నోరు తెరిచారు. కిటికీ గట్టు మీంచి సూట్‌కేసాయన్ని తెచ్చి ముందు నిలబెట్టారు. తలుపు కోసం వేళ్ళు వెతుకుతున్నాయి. పైన వెతికారు, మధ్యలో వెతికారు, చివరికి ఎక్కడో కింద దొరికింది. సూట్‌కేసాయన నడుము దగ్గరికి వచ్చింది తలుపు.

"ఏమోయ్," అన్నారు, "ఈ ఊళ్ళో టిక్కెట్టు కొనాలంటే పాకుతూ వెళ్ళాలా?"

నాకప్పుడు కనిపించింది. అంత పెద్ద గోడలో గోళీలంత కిటికీలు. స్టేషన్ కాదది, జైలు. జైలుకైనా కాస్త పెద్ద కిటికీలుంటాయి. అంచులన్నీ పెంచాను, తలుపులూ కిటికీలూ ఉన్నవి ఉన్నట్టే వదిలేశాను. చొక్కాకి ఎవరు బొత్తాం పెంచుతారు? జేబు ఎవరు పెంచుతారు?

ఈయన నవ్వడం మొదలుపెట్టారు. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, తర్వాత కుర్చీ చప్పుడయ్యేలా. ఇటుకలు వేసి వేసి నా వేళ్ళు కాయలు కాచాయి, ఈయనేమో నవ్వుతున్నారు. నాకు ముక్కు మీదకి కోపం వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా పెట్టాను.

తర్వాత గిన్నెలు పెట్టడం ఆపి విన్నాను. ఇంకా నవ్వుతున్నారు. ఎన్నాళ్ళకి విన్నానో ఆ నవ్వు. కోపం కోపంగానే ఉంది, కానీ కొండంత బరువు దిగినట్టయింది. చీరకొంగుతో కళ్ళు తుడుచుకుని ఇంకో గిన్నె గట్టిగా పెట్టాను, లేకపోతే అలుసైపోతాను.

జూలై 6, ఆదివారం

పొద్దున్నే పాఠం చెప్పారు. చొక్కా పెరిగినా తొడుక్కునేవాడి వేళ్ళు పెద్దగా పెరగవు, కాబట్టి బొత్తాం అంతే ఉంటుంది. ఇక్కడ లోపలికి వెళ్ళేవాడే పూర్తిగా రెట్టింపయ్యాడు. వాడితోపాటు తలుపు, కిటికీ, మెట్టు, ఇటుక, అన్నీ రెట్టింపు కావాలి. దేన్నీ వదలకూడదు.

అది మాత్రం ముందే చెప్పొచ్చు కదా అన్నాను. నువ్వు చెప్పనిస్తేగా అన్నారు. నేను దొంగతనంగా చేశానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

బల్ల మీద కర్టెన్ సగం తీసి ఉంది. ఎవరు తీశారో నేను అడగలేదు.

జూలై 10, గురువారం

రెండో ఇంజెక్షన్. అంతకుముందు అక్షరాల పట్టిక చదివించారు. ఈయన పైనుంచి కిందిదాకా గడగడా చదివేశారు. నర్సు సంబరపడిపోయింది. నాకు అనుమానమొచ్చింది. బయటికొచ్చాక, ఆ పట్టిక ఇప్పుడు చెప్పండి చూద్దాం అన్నాను. రోడ్డు మీద నడుస్తూ మొత్తం అప్పజెప్పారు, చివరి వరసతో సహా. నూట చిల్లర బస్సుల టైములు నోటికొచ్చిన మనిషికి ఆ పట్టిక ఒక లెక్కా? పోయినసారి నర్సు వేరేవాళ్ళకి చదివిస్తుంటే విని బట్టీ పట్టేశారు.

"ఎందుకలా చేశారు?" అంటే, "ఆ అమ్మాయి మొహం చిన్నబోతుందని," అన్నారు.

ఆ అమ్మాయి మొహమట! చిన్నబోయేది ఎవరి మొహమో నాకు తెలియదా? నన్ను మభ్యపెట్టడానికి ఇంత కష్టపడ్డారు. ఇక ఈయన కనబడుతోంది అంటే నేనెలా నమ్మను?

జూలై 15, మంగళవారం

జిరాక్స్ షాపుకి వెళ్ళాను. అక్కడ కూర్చునే ఆవిడకి ప్రపంచంలో తెలియనిది లేదు. అసలు అట్టకి కత్తెర పెట్టకుండా కాపీ తీసి పెంచుదామని అడిగాను. డబుల్ కావాలి, తలుపులూ కిటికీలూ అన్నీ డబుల్ కావాలి అని మూడుసార్లు చెప్పాను. ఓస్ అంతేనా, చిన్న కాగితాన్ని పెద్ద కాగితం చేస్తే డబులే అని ఒక మీట నొక్కింది. చిన్న కాగితాలు రెండు పక్కపక్కన పెడితే పెద్ద కాగితానికి సరిపోయాయి. కళ్ళ ముందే చూపించింది. ఇంకేం కావాలి?

ఇంటికి తెచ్చి ఈయన చేతికిచ్చాను. సూట్‌కేసాయన్ని కాగితం మీద పడుకోబెట్టారు, తలుపు మీద. తలుపు ఛాతీ దాకా వచ్చింది.

"కాగితం రెట్టింపైంది. గోడ కాలేదు," అన్నారు. పొడవూ రెట్టింపు కావాలి, ఎత్తూ రెట్టింపు కావాలి, అప్పుడు ఒక కాగితం నాలుగు కాగితాలవుతుందట. ఆవిడకి నేను చెప్తాను పద అన్నారు.

పద అన్నారు! డిపోకి సెలవు పెట్టినప్పటి నుంచీ ఆస్పత్రికి తప్ప గడప దాటని మనిషి. నేను అప్పటికే చెప్పులేసుకున్నాను, ఆలస్యం చేస్తే మనసు మారుతుందని.

జూలై 16, బుధవారం

నిన్న చీకటి పడుతోందని వెనక్కి తిరిగాం, ఇవాళ వెళ్ళాం. రోడ్డు దాటేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్నట్టు కాకుండా, నన్ను దాటిస్తున్నట్టు. సరే అలాగే కానీ అనుకున్నాను.

జిరాక్సావిడకీ ఈయనకీ చాలాసేపు వాదన జరిగింది. ఆవిడ ఒప్పుకోదు. చివరికి ఈయన ఒక కాగితం అడిగి, నాలుగు మడతలు పెట్టి, ఒక మడత చూపించి ఇది నీ ఇల్లనుకో అన్నారు. విప్పి, ఇది రెట్టింపు ఇల్లనుకో అన్నారు. ఆవిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ సంగతి మా మెషిన్ నాకెప్పుడూ చెప్పలేదండీ అంది.

గోడకి నాలుగు ముక్కల చొప్పున చుట్టచుట్టుకుని వచ్చాం. ఇంటికొచ్చాక టీ తాగాం. ఈయన కప్పు నేను పోయలేదు. ఆయనే పోసుకున్నారు, వేలు అంచు మీద పెట్టుకుని. చుక్క కింద పడలేదు.

జూలై 23, బుధవారం

ముక్కలు అట్ట మీద అంటించి నిలబెట్టాం. మధ్యాహ్నానికి గోడ వంగింది, సాయంత్రానికి ఎండకి వాడిన మొక్కలా వాలిపోయింది. అంతా రెట్టింపైంది గానీ అట్ట మందం అదే కదా! ఈయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇక లాభం లేదు అన్నారు. ఆ గొంతు నాకు నచ్చలేదు, జూన్ గొంతది.

నేను గోడని పట్టుకుని చూశాను. చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. ఇది కాలరు. బక్రం వేయని కాలరు ఇలాగే వాలుతుంది.

"బక్రం వేద్దాం," అన్నాను.

బక్రమంటే ఏమిటన్నారు. ఇన్నేళ్ళ కాపురం, నా షాపులో ఏముందో తెలియదు! మీ చొక్కా కాలరు ఎందుకు నిలబడిందనుకున్నారు, మీ మీద గౌరవంతోనా అన్నాను.

జూలై 24, గురువారం

రెండట్టల మధ్య బక్రం గుడ్డ పెట్టి, ఇస్త్రీతో అతికించి, బరువు పెట్టాను. గోడ సైనికుడిలా నిలబడింది. మూల మడతల దగ్గర మాత్రం బక్రం కత్తిరించేయాలి, కాలరు మొనలో చేసినట్టే. ఈయన గోడని వేలితో కొట్టి చూశారు, టకటకమంది. కాలరు పెట్టిన స్టేషన్ ప్రపంచంలో ఇదొక్కటే అని గార్డుగారికి ఫోన్ చేసి చెప్పారు. నా పేరు కూడా చెప్పారు, రెండుసార్లు.

ఆగస్టు 3, ఆదివారం

రోజూ సాయంత్రం పని. నేను కత్తిరిస్తాను, ఈయన అంటిస్తారు. జిగురు పూసేటప్పుడు ఆయనకి కన్ను అక్కర్లేదు, వేలు చాలు. అంచు ఎక్కడ తప్పిందో నాకంటే ముందే తెలుస్తుంది. నేను బాగుందంటాను, ఆయన లేదంటారు. పీకి మళ్ళీ అంటించి చూస్తే ఆయనే కరెక్టు. ఒళ్ళు మండుతుంది.

కిటికీలకి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పెట్టాం, చొక్కా డబ్బాల మూతలవి. కప్పు మాత్రం అంటించలేదు, లోపల దీపం పెట్టాలట, పైకి ఎత్తి తీసేలా ఉంచమన్నారు.

వదిన వచ్చి చూసి, ఇంకా ఈ బొమ్మలేనా అంది.

"బొమ్మలు కావక్కా, నమూనాలు," అన్నారు ఈయన.

వదినకి అదనంగా ఇంకో కప్పు టీ ఇచ్చాను. ఎందుకిచ్చానో ఆవిడకి తెలియదు.

ఆగస్టు 7, గురువారం

మూడో ఇంజెక్షన్. ఇక చూడాల్సిందే. రెండు వారాల్లో కంటి లోపలికి ఫొటో తీసి చెప్తారట.

నాకేమీ భయం లేదు అని జూన్‌లో రాశాను. పేజీ తిప్పి చూశాను. ఎంత నిబ్బరంగా అబద్ధమాడానో!

ఆగస్టు 11, సోమవారం

ఈయన స్నానానికి వెళ్ళినప్పుడు స్టేషన్ కప్పు తీసి, పై అంతస్తు కిటికీ వెనక ఒక మనిషిని పెట్టాను. అట్టతో చేశాను, ఒక ఆడమనిషి, మెషిన్ ముందు కూర్చుని కుడుతోంది. మెషిన్ కింద చిన్న నీలం గుడ్డముక్క, లైనింగుది. స్టేషన్‌మాస్టరు భార్య అనుకోవచ్చు. ముందు ప్లాస్టిక్ ఉంది కాబట్టి వేళ్ళకి అందదు.

పరీక్ష కాదు. ఊరికే పెట్టాను. అంత పెద్ద కిటికీ ఖాళీగా ఉంటే బాగుండదు.

ఆగస్టు 13, బుధవారం

ఏమీ అనలేదు.

ఆగస్టు 16, శనివారం

కుర్చీ బల్లకి దగ్గరగా జరుపుకుని చాలాసేపు కూర్చున్నారు. రైలు స్టేషన్లోకి తెచ్చి ఆపారు, పంపించారు, మళ్ళీ తెచ్చారు. సూట్‌కేసాయన ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. గార్డుగారు చూసి మెచ్చుకున్నారు, కప్పు మెచ్చుకున్నారు, ఇటుకలు మెచ్చుకున్నారు. ఆయనకీ కిటికీలో ఆవిడ కనబడలేదు. ఆయన కన్ను బాగానే ఉంది, ధ్యాసంతా ఇంజను మీదే.

ఈయనకి ధ్యాస ఉంది. అయినా ఏమీ అనలేదు.

కళ్ళెలా ఉన్నాయి అని అడిగాను. బాగానే ఉన్నాయి అన్నారు. ఆ మాటా బట్టీ పట్టిందే.

ఆగస్టు 18

ఏమీ అనలేదు. ఇవాళ రెండు చొక్కాలకి చేతులు తిరగేసి కుట్టాను. కాజాలావిడ విప్పి ఇచ్చింది.

ఆగస్టు 21, గురువారం

ఫొటో తీశారు. డాక్టరమ్మ తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించింది. జూన్‌ది పొంగిన గుట్టలా ఉంది. ఇవాళ్టిది చదునుగా ఉంది. నీరు ఆరిపోయింది అంది. ఇకమీదట రెండు నెలలకోసారి చూపిస్తే చాలట. 

మరి చూపు ఎంత వచ్చినట్టు అని అడిగాను. అది ఆయనే చెప్పాలమ్మా, నీరు ఆరినంత మాత్రాన చూపు అంతా రాదు, కొందరికి వస్తుంది, కొందరికి ఎంత పోయిందో అంతే అంది. ఈయన వైపు తిరిగింది. "బాగానే కనిపిస్తోందండీ," అన్నారు ఈయన. పట్టిక చదివారు. గడగడా.

ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఫొటో చూసి సంతోషించాలో, పట్టిక విని ఏడవాలో తెలియక ఆటోలో బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 23, శనివారం

పొద్దున ఈయన గేటు దగ్గర పేపరు తెచ్చేలోపు కప్పు తీసి, నీలం గుడ్డ తీసేసి ఎర్రది పెట్టాను. నీలం మసకగా ఉందేమో, ఎరుపైతే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇది పరీక్షే. రాసేస్తున్నాను, ఇది పరీక్షే, మొదటిదీ పరీక్షే. నిజంగా ఎంత కనబడుతోందో ఈయన నాకు చెప్పరు. తెలుసుకునే దారి ఇంకోటి లేదు.

ఇది కూడా కనబడకపోతే నేనేం చేయాలో తెలియదు. చేయడానికేముంది, ఇంకా పెద్దది కుడతాను. గుడ్డ నా దగ్గర చాలా ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

నిన్న సాయంత్రం జరిగింది. వరసగా రాయాలి, లేకపోతే ఏదో ఒకటి మర్చిపోతాను.

నేను బట్టలు మడతపెడుతున్నాను. ఈయన రైలు నడుపుతున్నారు. రైలు స్టేషన్లో ఆగింది. మామూలు గొంతుతో, వాన వచ్చేలా ఉంది అన్నట్టు, ఇలా అన్నారు:

"పైన ఆవిడ నీలం గుడ్డ కుట్టేసినట్టుంది. ఇవాళ ఎర్రది మొదలుపెట్టింది."

నా చేతిలో తువ్వాలు అలాగే ఉంది.

"ఏ ఆవిడ?" అన్నాను.

"ఇంకే ఆవిడ? మెడ ఎడమపక్కకి వంచి కుట్టేది."

మెడ ఎటు వంచానో నాకే గుర్తులేదు. వెళ్ళి చూశాను. ఎడమపక్కకే వంచి ఉంది. నేను కుట్టేటప్పుడు అలాగే వంచుతానట. ఎప్పుడు చూశారు అని అడిగాను. పెట్టిన రోజే అన్నారు. సూటిగా చూస్తే మాయమైపోతుంది, కాస్త పక్కకి చూస్తే వచ్చి కూర్చుంటుంది, గుడ్డ రంగుతో సహా.

"మరి చెప్పలేదేం? పెట్టిన రోజు నుంచీ నా ప్రాణం తోడేశారు."

"నువ్వు దాచుకున్నావు కదా, నేను బయటపెడితే నీకు కోపమొస్తుందని ఊరుకున్నాను," అన్నారు. తర్వాత ఇంజనుని ఒకసారి తడిమి, "నువ్వూ అంతేలే. సూటిగా అడిగితే ఏదీ చెప్పవు. పక్కనుంచి చూసుకోవాలి," అన్నారు.

పట్టికలో నిజంగా ఎన్ని వరసలు కనబడతాయో చెప్పమన్నాను. చెప్పారు. పై మూడు. జూన్‌లో అయితే పైదొకటే కనబడిందట. పట్టాలు ఇంకా కొంచెం వంకరగానే ఉన్నాయి, కానీ ఈ సైజులో అయితే పట్టా ఎక్కడుందో తెలుస్తోంది, ఇంజను నంబరు చదవగలుగుతున్నాను అన్నారు. ఈసారి నమ్మాను. నీలం నుంచి ఎరుపుకి మారడం బట్టీ పట్టే విషయం కాదు.

తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. ఏడ్చాను. కడుపు నిండా ఏడ్చాను, ఆనందంగా ఏడ్చాను. లోపల రైలు కూత వినిపించింది. నన్ను లోపలికి పిలవడానికి ఈయన దగ్గర అంతకంటే మంచి మాట లేదు.

ఆగస్టు 26, మంగళవారం

పొద్దున గార్డుగారు గిడ్డంగి సెట్ తెచ్చారు, చిన్న సైజుది. దాన్ని రెట్టింపు చేయాలి, బక్రం తెచ్చుకోవాలి. జిరాక్సావిడ నన్ను చూడగానే, నాలుగేనా అండీ అంది. డిపో నుంచి కబురొచ్చింది, ఈయన్ని మైకు దగ్గర కూర్చోబెడతారట, టైములన్నీ నోటికేగా. వదినకి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, ఆ స్టేషన్లో ఎవరో ఆవిడ కుడుతోందటగా, అది నువ్వేనటగా అంది. వార్త అప్పుడే పాకిపోయింది.

రెండో మెషిన్ షాపులోనే వేసుకుంటాను. గుడ్డల బీరువా వెనక్కి జరిపితే చోటు ఉంది. ఎప్పుడూ ఉంది.

కాజాలావిడ నిద్రపోతోంది. స్టేషన్లో ఆవిడకి ఎర్రది కుట్టడం అయిపోయి ఉంటుంది. పసుపు గుడ్డ గోరంత కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను. ఈయనకి చెప్పలేదు.